పద్నాలుగో నంబరు చెయ్యి

ఇరవై మూడు స్టూడియోలు నన్ను వద్దన్నాయి. కోపం వస్తే నాకు లెక్కలు బాగా గుర్తుంటాయి కాబట్టి ఈ అంకెలో తేడా ఉండదు.

మా ఫ్యాషన్ కాలేజీలో ఆఖరి ఏడాది ఒక నియమం ఉంది. ఏదైనా స్టూడియోలో మూడు నెలలు ఇంటర్న్‌షిప్ చేసి, వాళ్ల సంతకంతో అనుభవ పత్రం తెచ్చిస్తేనే పట్టా. లేకపోతే మూడేళ్ల చదువూ గాలికి పోయినట్టే. మా క్లాసులో కొందరికి మేనమామలున్నారు, బాబాయిలున్నారు, ఒక్క ఫోనుతో పనైపోయింది. బట్టల లోకంలో నాకు తెలిసిన మనిషి మా అమ్మ ఒక్కతే. ఆవిడ మా ఒంటిగది ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని, ఎవరివో తెలియని బట్టలకి అంచులు మడిచి చేత్తో హెమ్మింగ్ చేస్తుంది. ఆవిడ ఎవరికి ఫోన్ చేస్తుంది, పాపం.

కాళ్లరిగేలా తిరిగాను. ప్రతిచోటా ఒకటే ప్రశ్న: "ఇంతకుముందు ఎక్కడైనా చేశావా?" చేసుంటే మీ గుమ్మం ఎందుకు తొక్కుతానండీ అని నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. ఒకచోట రిసెప్షన్లో అమ్మాయి నా ఫైలు తెరవకుండా దాని మీద టీ కప్పు పెట్టింది. ఆ గుండ్రటి మరక ఇప్పటికీ ఉంది. ఇంకోచోట నా బొమ్మలు రెండు "చూసి ఇస్తాం" అని తీసుకుని, మళ్లీ వెళ్తే నేనెవరో తెలియదన్నారు.

ఇరవై నాలుగోది ఒక టైర్ల షాపు పైన మూడో అంతస్తులో ఉంది. మెట్లంతా రబ్బరు వాసన. లోపల పొడుగాటి కటింగ్ బల్ల, దాని వెనక మెడలో టేపు వేసుకున్న కటింగ్ మాస్టారు. ఆరు పదులు దాటిన మనిషి, మాట కరుకు. నా ఫైలు చేతికిస్తే పక్కన పెట్టేశాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆ గౌను ఎవరు కుట్టారు?" అన్నాడు.

"నేనే మాస్టారూ."

"కిందంచు తిప్పు."

నాకు ఒళ్లు మండింది. అయినా వంగి అంచు తిప్పి చూపించాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీంచి కిందికి లాక్కుని, ముఖం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత ఒక గుడ్డముక్క, సూది, దారం ఇచ్చి కుట్టమన్నాడు. జానెడు కుట్టానో లేదో, "చాలు" అన్నాడు. "సోమవారం రా. మూడు నెలలు. జీతం గీతం ఉండదు, నేర్చుకోవడమే జీతం అంటారు మా మేడమ్. కాగితం మాత్రం ఇస్తారు."

మెట్లు దిగుతుంటే ఆ రబ్బరు వాసన కూడా బాగుందనిపించింది. ఇంటికెళ్లి చెబితే అమ్మ సూది గుడ్డలో గుచ్చి, రెండు చేతులతో నా మొహం పట్టుకుంది. "చూశావా, నీ చేతిలో పనుంది. వాళ్లకి కళ్లున్నాయి," అంది.

నా చేతిలో పని గురించి ఇక్కడ చెప్పాలి. మా అమ్మది ఎడమచేతి వాటం. అందుకని ఆవిడ హెమ్మింగ్ అందరిలా కుడికి వాలదు, ఎడమకి వాలుతుంది. నాది కుడిచెయ్యే. కానీ ఆరేళ్లప్పుడు ఆవిడ పక్కన కూర్చుని, గుడ్డ ఆవిడ పట్టుకున్నట్టే పట్టుకుని నేర్చుకున్నాను కాబట్టి నా కుట్టూ ఎడమకే వాలుతుంది. పైగా అమ్మకి ఒక అలవాటుంది. నాలుగు వేళ్ల వెడల్పుకొకసారి ఆగి, ఒక కుట్టు వెనక్కి వేసి బిగిస్తుంది. దారం ఎక్కడైనా తెగితే అంచంతా ఊడిపోకుండా అక్కడితో ఆగుతుంది. నేనూ అలాగే ఆగుతాను. కాలేజీలో టీచరుగారు ఈ వంకర చూసి రెండుసార్లు మార్కులు కోశారు. మార్చుకోమన్నారు. చెయ్యి వినలేదు.

అమ్మకి పని తెచ్చే ఆయన్ని మేం మూటలాయన అనేవాళ్లం. తెల్లగుడ్డలో బట్టలు మూటగట్టి తెచ్చేవాడు, వారం తర్వాత పట్టుకెళ్లేవాడు. ప్రతి మూట మీదా చిన్న చీటీ, దాని మీద పద్నాలుగు. అది అమ్మ నంబరు. ఆయన నాలుగు రాస్తే కాలు విరిగిన కుర్చీలా ఉండేది. ఆ మూటలు ఎక్కడివి, ఎక్కడికి పోతాయి అని అమ్మ తొమ్మిదేళ్లలో ఒకసారి అడిగిందట. "అక్కా, నీకెందుకు, నీ పని నీకొస్తోందిగా," అన్నాడట. నేనైతే ఆ మాత్రం కూడా అడగలేదు. బడికెళ్లే రోజులనుంచీ ఆ గదిలో మూటలు లేని రోజు లేదు. గోడల్ని ఎవరు చూస్తారు? అలాగే వాటినీ చూడటం మానేశాను.

స్టూడియోలో మేం ఐదుగురం ఇంటర్న్‌లం. మొదటిరోజు మేడమ్ వచ్చి మా అందరికీ నవ్వుతూ ఒక ఉపన్యాసం ఇచ్చింది. ఇది కుటుంబమట. మేం పిల్లలమట. ఆ కుటుంబంలో ఒకడు రెండు నెలలు ఇస్త్రీపెట్టె పట్టుకునే ఉన్నాడు. కళ్లద్దాల పిల్ల ఒకత్తి, డిజైన్ నేర్చుకుందామని వచ్చి, బొత్తాలు రంగులవారీగా డబ్బాల్లో పోస్తూ గడిపింది. నన్ను మాస్టారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి హెమ్మింగ్ ఇచ్చాడు. పలచటి పొడుగాటి కోట్లు, తుప్పు రంగువి. ముందు బొత్తాలు పెట్టకుండా వదిలేసి తొడుక్కునే రకం. నడుస్తుంటే అంచు లోపలివైపు కూడా పైకి కనిపిస్తుంది కాబట్టి అవి చేత్తోనే కుట్టాలి, కుట్లన్నీ ఒకే తీరుగా ఉండాలి.

"నువ్వు తప్ప వీటిని ఎవరూ ముట్టుకోకూడదు," అన్నాడు మాస్టారు.

నేను గాల్లో తేలిపోయాను. మిగతా నలుగురూ చాకిరీ చేస్తుంటే నన్ను ఒక్కదాన్నే నమ్మి అసలు పని ఇచ్చారని మురిసిపోయాను. కళ్లద్దాల పిల్ల మీద జాలిపడ్డాను కూడా. నా అంత తెలివితక్కువది ఆ గదిలో ఇంకొకతె లేదని అప్పుడు తెలియదు.

సాయంత్రం ఇంటికెళ్తే అమ్మ నా భుజాల మీద, చేతుల మీద అంటుకున్న దారప్పోగులు ఏరేది. "ఏం పని చేయించారే?" అని అడిగేది. నేను డ్రేపింగ్ అనీ, ప్యాటర్న్ అనీ నోటికొచ్చిన పెద్దమాటలు చెప్పేదాన్ని. ఇంత చదివించి పంపితే నువ్వు చేసే పనే నేనూ చేస్తున్నానమ్మా అని చెప్పడం నాకు నామోషీ. ఆవిడ తలూపేది. ఏరిన దారప్పోగుని వేళ్ల మధ్య నలిపి, వెలుగులో పెట్టి చూసి, పారేసేది.

నేను చేరిన రెండో వారంలో మూటలు ఒకటికి తగ్గాయి. నాలుగో వారంలో అసలు రాలేదు. మూటలాయన గుమ్మం బయటే నిలబడి, "సీజన్ బాలేదక్కా, చూద్దాం," అని చల్లగా జారుకున్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. అమ్మ ఖాళీగా కూర్చోవడం నేను మొదటిసారి చూశాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూసేది. రెండురోజులకి నా పాత బట్టలన్నీ తీసి, బాగున్న అంచులు విప్పి మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.

ఏడో వారంలో ఒక బుధవారం, మాస్టారు బీరువాలోంచి ప్లాస్టిక్ కవరులో ఉన్న కోటు ఒకటి తీసి నా బల్ల మీద పరిచాడు. "పెద్ద షాపువాళ్లు ఒప్పుకున్న శాంపిల్ ఇది. నువ్వు కుట్టినవి దీని పక్కన పెట్టి చూడాలి. రేపు వాళ్ల మనిషి తనిఖీకి వస్తున్నాడు."

లోపలి అంచు తిప్పాను. కుట్లు ఎడమకి వాలి ఉన్నాయి. నాలుగు వేళ్లకొకచోట వెనక్కి బిగించి ఉంది. మెడ దగ్గర గుండుసూదితో గుచ్చిన చీటీ మీద పద్నాలుగు, కాలు విరిగిన కుర్చీలాంటి నాలుగు.

చీటీ తిప్పి వెనకవైపు కూడా చూశాను.

మాస్టారు ఆ అంచు మీద వేలు పెట్టి రాస్తూ, పాత స్నేహితుడి గురించి చెబుతున్నట్టు మాట్లాడాడు. "ఈ చెయ్యి ఎవరిదో గానీ తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. ఒక్క కుట్టు తప్పు పోలేదు. శాంపిళ్లన్నీ దీనికే పంపేవాణ్ణి. ఈసారి ఈ కోట్లు మేడమ్ బయటికి ఇవ్వద్దంది, పాత ఆర్డర్లు మాత్రం నువ్వొచ్చేదాకా పంపాను. ఊరికే చేసే ఇంటర్న్‌లు ఉండగా బయటివాళ్లెందుకు అంది. ఇవ్వద్దంటే ఎలా? శాంపిల్ మీద కుట్టు ఎడమకి వాలింది, మిగతావి కుడికి వాలితే సరుకు మొత్తం తిప్పి కొడతారు. రెండు నెలలు వెతికాను, అలాంటి చెయ్యి దొరకలేదు. అప్పుడు నువ్వొచ్చావు ఆ గౌను వేసుకుని." నవ్వాడు. "దేవుడే పంపాడనుకో."

దేవుడు కాదు, ఆ గౌను వేసుకెళ్లమని పంపింది మా అమ్మ.

"ఆ పద్నాలుగో నంబరు ఎవరు మాస్టారూ?" అన్నాను.

"ఎవరికి తెలుసు? మగో ఆడో కూడా తెలియదు. మధ్యలో మనిషి తెస్తాడు, తీసుకుపోతాడు. ఇంతకీ నీకెక్కడ అబ్బింది ఈ కుట్టు?"

అప్పుడు చెప్పాల్సింది. ఇప్పటికి వెయ్యిసార్లు అనుకుని ఉంటాను, అప్పుడే చెప్పాల్సింది. మా అమ్మ మాస్టారూ, మీరు తొమ్మిదేళ్లుగా మెచ్చుకుంటున్నది ఆవిడనే, ఆవిడ పని ఆవిడకి ఇచ్చేయండి అంటే ఏమయ్యేది? నన్ను పంపించేసేవాళ్లేమో. మూడు నెలలు మళ్లీ మొదటినుంచి, మళ్లీ ఇరవై మూడు గుమ్మాలు, పట్టా లేదు. ఇంకా ఆరు వారాలే ఉన్నాయి.

"కాలేజీలో నేర్పారు," అన్నాను.

తనిఖీ మనిషి వచ్చాడు, అంచులు చూశాడు, భేష్ అన్నాడు. మేడమ్ నా బుగ్గ గిల్లింది. నేను మళ్లీ కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించాను. ఇంక ప్రతి కోటూ నాకు తెలిసే కుట్టాను. మొత్తం నూట అరవై. నాలుగు వేళ్లకొకసారి వెనక్కి బిగించినప్పుడల్లా, ఇది అమ్మ చెయ్యాల్సిన కుట్టు అని తెలిసే బిగించాను. ఎవరైనా నన్ను బలవంతం పెట్టారంటే అబద్ధం.

తొమ్మిదో వారంలో అమ్మ బట్టల ఫ్యాక్టరీకి వెళ్లింది. గేటు దగ్గర కుర్చీలో ఉన్న ఆయన, "అనుభవం ఉందా?" అని అడిగాడట.

"తొమ్మిదేళ్లు హెమ్మింగ్ చేశానండీ అన్నాను," అని ఇంటికొచ్చి చెప్పింది. "ఎక్కడ చేశావన్నాడు. ఇంట్లో అన్నాను. ఎవరికి అన్నాడు. తెలియదన్నాను. వెనకాల వరసలో ఉన్న పిల్లలు కిసుక్కున నవ్వారే." తనూ నవ్వింది. "కాగితం తెస్తే కుట్టే వరసలో వేస్తారట. లేకపోతే దారాలు తుంచే వరస. అది కొత్తవాళ్లకి ఇచ్చే పని. పొద్దుటినుంచీ నిలబడి, ఎవరో కుట్టినవాటికి వేలాడే దారాలు కత్తిరించడం."

"వెళ్లకు," అన్నాను.

"వెళ్లక?" అంది.

మర్నాడు మాస్టారి దగ్గరికెళ్లాను. ధైర్యం చేశాననే అనుకున్నాను. "ఆ పద్నాలుగో నంబరు ఎవరో తెలిసింది మాస్టారూ. ఆవిడకి ఫ్యాక్టరీలో పని కావాలి. తొమ్మిదేళ్లు మీ పని చేసినట్టు రెండు ముక్కలు రాసి ఇస్తే చాలు."

ఆయన కత్తెర బల్ల మీద పెట్టాడు. మొహంలో ఒక్క క్షణం సంతోషం కనిపించింది. "ఆడమనిషా?" అన్నాడు. తర్వాత తల గోక్కున్నాడు. "రాయలేనమ్మాయ్. మాకు బయట పనివాళ్లెవరూ లేరు, అంతా ఇక్కడే కుడతాం అని మేడమ్ పెద్ద షాపువాళ్లకి సంతకం పెట్టి ఇచ్చింది. నేను రాస్తే నా ఉద్యోగం పోతుంది. చెప్పావంటే నీ కాగితం కూడా పోతుంది." మెడలో టేపు సర్దుకుంటూ, "నీకేమవుతుంది ఆవిడ?" అన్నాడు.

నా కాగితం అన్న మాట చెవిలో పడింది. దాని తర్వాత ఇంకేం తలకెక్కలేదు.

"మా వీధిలో ఉంటారు," అన్నాను.

"అయ్యో పాపం," అన్నాడు మాస్టారు. నిజంగానే అన్నాడు. మళ్లీ కత్తెర తీసుకున్నాడు.

మా వీధిలో ఉంటారు. అబద్ధం కూడా కాదు, చూడండి. ఆవిడా నేనూ ఒకే వీధిలో ఉంటాం, ఒకే గదిలో, ఒకే మంచం మీద.

అమ్మ దారాలు తుంచే వరసలో చేరింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య. నెల తిరక్కుండా కాళ్లు వాచాయి. చిన్న కత్తెర ఎడమచేతికి సరిపోక బొటనవేలి మొదట్లో కాయ కాసింది. కుట్టే వరసలో ఒకమ్మాయి హెమ్మింగ్ వంకరపోతుంటే చూసి, ఆగలేక, ఇలా పట్టుకో తల్లీ అని చెప్పబోయిందట. సూపర్‌వైజర్ వచ్చి, "నీకేం తెలుసని నేర్పుతున్నావ్, నీ పని చూసుకో," అని కసిరాడట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం అమ్మ నవ్వలేదు.

పదమూడో వారం, శుక్రవారం సాయంత్రం నాకు కాగితం ఇచ్చారు. మందంగా, పైన స్టూడియో ముద్రతో ఉంది. నేను ఎదురుచూసినంత ఆనందం రాలేదు గానీ, అబద్ధమెందుకు, వచ్చింది. బస్సులో మూడుసార్లు చదువుకున్నాను.

ఇంటికెళ్లేసరికి అమ్మ కాళ్లు బకెట్లో వేడినీళ్లలో పెట్టుకుని కూర్చుంది. కాగితం చూడగానే తడి చేతులు చీర కుచ్చిళ్లకి తుడుచుకుని, అంచులు మాత్రమే పట్టుకుని అందుకుంది. తిప్పి వెనకవైపు చూసింది. బట్టని కూడా అలాగే చూస్తుంది ఆవిడ. తర్వాత నాకిచ్చి, "చదువు," అంది.

చదివాను. ఈ సీజన్ కోట్లన్నిటికీ అంచుల చేతికుట్టు పని ఈమె ఒక్కతే బాధ్యతగా నిర్వహించింది. ఈమె కుట్టులోని ఒకే తీరు, నాణ్యత కొనుగోలుదారుల మెప్పు పొందాయి. ఈ పనిలో ఈమెకి మంచి అనుభవం ఉన్నదని ధ్రువీకరిస్తున్నాం.

డ్రేపింగ్ లేదు, ప్యాటర్న్ లేదు. మూడు నెలలుగా నేను చెప్పిన పెద్దమాటల్లో ఒక్కటీ అందులో లేదు. చదివేశాక గుర్తొచ్చింది.

అమ్మ ఏమీ అడగలేదు. "ఇంకోసారి చదువు," అంది. మళ్లీ చదివాను. "మంచి అనుభవం ఉన్నదని" అన్నచోట కళ్లు మూసుకుని వింది.

నేనింక ఆపుకోలేకపోయాను. కాగితం మంచం మీద పడేసి ఆవిడ ముందు నేల మీద కూలబడ్డాను. "అమ్మా, నీ మూటలు మా స్టూడియోవే. పద్నాలుగో నంబరు పని ఆపేసి నా చేత చేయించారు. నా చెయ్యి నీ చెయ్యిలా ఉందని నన్ను తీసుకున్నారు."

"తెలుసు," అంది అమ్మ.

నేను తలెత్తి చూశాను.

"నువ్వు చేరిన మొదటివారమే తెలుసు. నీ భుజం మీద తుప్పు రంగు దారం ఉంది. ఆ శాంపిల్ కోటుకి నేను వాడిన దారమే. అది అన్నిచోట్లా దొరికే దారం కాదు, మూడు పోగులు, చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది. మూటలు తగ్గాక ఇంక అనుమానం కూడా లేదు."

"మరి చెప్పలేదేం? ఒక్క మాట చెప్పలేదేమమ్మా?"

ఆవిడ వంగి నా జుట్టులో చిక్కుకున్న పోగొకటి తీసింది. "చెబితే నువ్వు ఆ క్షణమే మానేసి వచ్చేదానివి. నీ సంగతి నాకు తెలియదూ? అమ్మ పొట్టకొట్టి నాకీ కాగితం ఎందుకని వాళ్ల మొహాన కొట్టి వచ్చేదానివి. మూడేళ్ల చదువు పోయేది. అందుకే కిమ్మనలేదు." తర్వాత, ఏదో మామూలు విషయం అడిగినట్టు అడిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

బకెట్లో నీళ్లు చల్లారిపోయాయి. ఆవిడ మడమల దగ్గర వాపు అలాగే ఉంది.

"ఇవాళే," అన్నాను.

"ఇవాళేనా," అంది అమ్మ. ఊపిరి పీల్చుకుంది. "అదే మంచిదైంది. తెలిసి చెయ్యాలంటే నీ చెయ్యి ఆడేది కాదు."

కాగితం మడత నలగకుండా తీసి, తన తలగడ కింద పెట్టింది. పొద్దున్నే డ్యూటీ ఉందని గోడవైపు తిరిగి పడుకుంది.